కాసమ్మ బదులు వెళ్ళిన మనిషి

పోయినవారం ఉషారాణిని తిట్టుకుంటూ పత్రిక మూసినవాళ్ళు చాలామందే ఉంటారు. తిట్టుకోండి, నేను అడ్డం రాను. రాసేది నేనే కదా అని నా కథానాయికను వెనకేసుకురావాలన్న రూలేమీ లేదు. పైగా ఈ వారం ఆమె చేసిన పని చదివాక, పోయినవారం తిట్లు తక్కువయ్యాయని మీరే అంటారు.

మధ్యలో వారం తప్పినవాళ్ళ కోసం, ఇవాళే మొదటిసారి ఈ పేజీ తిప్పినవాళ్ళ కోసం జరిగింది చెప్పేస్తాను. ఒడియా రాష్ట్రంలో గోపాలపూర్ దగ్గర సముద్రపొడ్డున ఒక సర్కారు బంగళా ఉంది. పెద్ద ఆఫీసర్లు భార్యాబిడ్డలతో దిగి, కెరటాలు చూసి, చేపల పులుసు తిని వెళ్ళే చోటు. ఆ పులుసు వండేది కాసమ్మ. పక్కనే ఉన్న తెలుగు జాలరిపేట ఆమెది. కొత్త కోడలుగా ఉన్నప్పుడు వంటలో చేరింది, జుట్టు తెల్లబడింది, ఇప్పటికీ రోజుకూలీయే. పర్మనెంటు చెయ్యండి బాబూ అని అడిగిన పాపానికి బంగళా గేటు దగ్గరే ఆపేశారు. ఆమె కోర్టుకెక్కింది. గెలిస్తే ఆఖరి రోజుల్లో పింఛను ముద్ద. ఓడితే చేపల తట్ట నెత్తికెత్తుకోవాలి. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి తట్ట ఎత్తలేదు. అంటే ఓడితే పస్తులే.

ఇన్నేళ్ళూ పనిచేసినట్టు రుజువు కావాలి. రుజువు హాజరు పట్టీల్లో ఉంది. సమాచార హక్కు కింద వాటి నకళ్ళు అడిగితే, పెద్ద తుఫానులో కొట్టుకుపోయాయని ఆఫీసు జవాబిచ్చింది. కోర్టులో అదే మాట ప్రమాణం చేసి దాఖలు చేసింది. పచ్చి అబద్ధం. ఆ పట్టీలు బరంపురంలో ఒక అద్దె ఇంటి అటకమీద, పాత దుప్పటిలో మూటకట్టి ఉన్నాయి. ఆ ఇల్లు ప్రభుత్వ ప్లీడరు ఉషారాణిది. బంగళా వ్యవహారాలు చూసే ఆఫీసరు పూర్ణచంద్ర స్వయంగా కారులో తెచ్చి ఇచ్చి, "మీ దగ్గరుంటేనే భద్రం మాడం" అన్నాడు. ఉషారాణిది కాంట్రాక్టు ఉద్యోగం. గడువు అయిపోవస్తోంది. మళ్ళీ వెయ్యాలంటే ఆమె పనితీరు మీద పైకి రిపోర్టు రాయవలసింది ఆ పూర్ణచంద్రే. ఆమె కిక్కురుమనకుండా మూట అందుకుంది, అఫిడవిట్టూ తనే రాసిపెట్టింది. ఈ కేసులో ఎవరితోనూ తనకు ఏ సంబంధమూ లేదని ఇంకో కాగితంమీద సంతకం కూడా పెట్టింది. అటక దిగి చేతుల దుమ్ము దులుపుకుంటున్న ఉషారాణి దగ్గర పోయినవారం ఆగాం.

ఇక కోర్టుకు వెళ్దాం పదండి.

ఛత్రపూర్‌లో ఆ రోజు లేబరు కోర్టు నిండిపోయింది. పొద్దున్నుంచే ఉక్క. ఫ్యాను తిరుగుతున్న మాట నిజమేగానీ ఆ గాలి జడ్జిగారి కాగితాలకు తప్ప ఎవరికీ తగలడం లేదు. వెనక బెంచీల మీద పేట ఆడవాళ్ళు ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. కాసమ్మ గెలుస్తుందని, గెలిచాక అందరూ కలిసి టీ తాగాలని అనుకుని బస్సెక్కి వచ్చినవాళ్ళు. గోడవారగా ఒకామె మాత్రం కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. ఉషారాణి అటువైపు చూడనే లేదు. ప్రభుత్వ ప్లీడరు అయినప్పటినుంచి ఆమెకు వెనక బెంచీలు కనబడటం మానేశాయి.

అప్పటికి కేసు కాసమ్మ వైపు ఒరిగిపోయి ఉంది. బంగళాలో వాచ్‌మన్‌గా చేసి రిటైరైన అసిరయ్య వచ్చి, నా సర్వీసంతా ఈవిడ చేతి కూడే తిన్నాను హుజూర్, బంగళా పొయ్యి ఒక్కరోజు ఆరలేదు అని గట్టిగా చెప్పి వెళ్ళాడు. కాసమ్మ తరఫు వకీలు జగదీష్ మొహం వెలిగిపోతోంది. ఖల్లికోట మనిషి. కోటు మోచేతుల దగ్గర వెలిసిపోయి ఉంటుంది. పేదవాళ్ళ కేసులే దొరుకుతాయని బార్ రూములో అతన్ని ఏడిపిస్తుంటారు.

పూర్ణచంద్ర వెనకనుంచి ముందుకు వంగాడు. పెదవులు కదలకుండా ఒడియాలో అన్నాడు.

"అయిపోయినట్టే ఉంది మాడం. మీ రిపోర్టు నేనింకా రాయలేదు."

ఉషారాణి తల తిప్పలేదు. ఆమెకు ఒక సంగతి తెలుసు. పూర్ణచంద్రకు తెలియనిది, జగదీష్‌కు తెలియనిది, పేటలో పుట్టినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియనిది. ఇన్నాళ్ళూ దాన్ని వాడకూడదనే అనుకుంది. అంతమాత్రం సిగ్గు ఆమెకు మిగిలే ఉండింది. రిపోర్టు అన్న మాట చెవిన పడగానే అది కూడా పోయింది.

లేచి నిలబడింది.

బోనులో కాసమ్మ రెండు చేతులూ కట్టుకుని, గోడమీద గడియారాన్ని చూస్తూ నిలబడి ఉంది. ఉషారాణి ఒడియాలో రెండు ప్రశ్నలు వేసింది. కాసమ్మకు ఒడియా బాగానే వచ్చు, కానీ భయానికి నాలుక తిరగలేదు. అప్పుడు ఉషారాణి జడ్జిగారితో ఎంతో మర్యాదగా అంది.

"హుజూర్, సాక్షికి తెలుగైతే సులువుగా ఉంటుంది. అనుమతిస్తే తెలుగులో అడుగుతాను."

జడ్జిగారు బరంపురంలో పుట్టి పెరిగినవారు. తెలుగు చక్కగా అర్థమవుతుంది. "అడగండి" అన్నారు.

ఉషారాణి బోను దగ్గరికి నడిచింది. బోను కర్రమీద చెయ్యి ఆనించి, పేటలో పక్కింటి ఆడపిల్ల పలకరించినట్టు పలకరించింది.

"ఏటి కాసమ్మా, అలగ వణికిపోతన్నావేటి? నిన్నెవులూ ఏటీ అనరు. నాను అడిగిందానికి ఉన్నది ఉన్నట్టు సెప్పు, సాలు."

కాసమ్మ తలెత్తింది. ఆ గొంతు, ఆ మాట చిన్నప్పటినుంచీ విన్నవి. ఎదురుగా నిలబడ్డ నల్లకోటు ఆమెకు కనబడటం మానేసి, మోకాళ్ళమీద పుస్తకం పెట్టుకుని బంగళా వరండాలో కూర్చున్న ఎండుపుల్లలాంటి ఆడగుంట కనబడింది. మొహం విప్పారింది.

"సెప్తానమ్మా. అడుగు."

చూశారా, ఎంత తేలికగా నమ్మిందో! నాకైతే రాస్తుంటేనే ఒళ్ళు మండిపోతోంది.

"బంగళాలో ఏటేటి వండీదానివి?"

"ఏటడిగితే అది. వంజరం పులుసు, రొయ్యల ఏపుడు, సందువ ఏపుడు. ఒకపాలి పెద్ద ఆఫీసరుబాబు గోరి తల్లి గిన్నె గీకించీసి మరీ తినీసింది." కాసమ్మ నవ్వింది. బెంచీల మీద ఆడవాళ్ళూ నవ్వారు. జడ్జిగారి మూతి కూడా కొంచెం సాగింది.

"ఒక్క దినమైనా పొయ్యి ఆరిందేటి?"

"ఆరనేదు. నానుండగా ఆరనేదు."

"జొరమొచ్చినా?"

"జొరమొచ్చినా ఆరనేదు."

"ఇంట్లో సావొచ్చినా?"

కాసమ్మ నవ్వు ఆగిపోయింది. ఉషారాణి గొంతులో మెత్తదనం మాత్రం అలాగే ఉంది.

"మరైతే ధనరాజు పోయిన నాడు బంగళాలో పొయ్యి ముట్టించింది నువ్వేనా కాసమ్మా?"

"ఓలమ్మోలమ్మ!" అని వెనక ఎవరో అరిచేశారు. కోర్టు గుమాస్తా చెయ్యెత్తి ఊరుకోమన్నాడు.

ధనరాజు కాసమ్మ ఒక్కగానొక్క కొడుకు. పెద్ద తుఫానుకు ముందు సంవత్సరం, ఒడ్డు చేరుతూ చేరుతూ పడవ కెరటాల్లో బోల్తాపడి పోయాడు. శవం రుషికుల్య నది మొగ దగ్గర దొరికింది. చిన్నప్పుడు ఇసకలో పీతలు పట్టి దారం కట్టి ఉషారాణికి ఇచ్చి, గిచ్చితే ఏడుస్తుందని తనే పట్టుకుని ఆడించినవాడు ఆ ధనరాజు. ఆ పేరును ఉషారాణి ఎంత మామూలుగా పలికిందంటే, ఏదో ఇంటినంబరు చదివినట్టు పలికింది.

"ఏటన్నావమ్మా?" అంది కాసమ్మ.

"కొడుకు శవం ఒడ్డున పడుకోబెట్టిన దినం నువ్వు బంగళాకెల్లి పులుసు వండినావా, నేదా? అవునంటే అవునను. కాదంటే కాదను."

జడ్జిగారు కలం కింద పెట్టారు. "మాడం, ఈ ప్రశ్న అవసరమా?"

"అవసరమే హుజూర్. ఒక్కరోజు కూడా మానకుండా పనిచేశానని ఈమె అఫిడవిట్‌లో ప్రమాణం చేసింది. ఆ రోజూ ఆ ప్రమాణంలోదే."

జడ్జిగారు మళ్ళీ కలం అందుకున్నారు.

కడుపుకోతలో ఉన్న మనిషికి ఇలాంటి ఉచ్చు బిగించడానికి ఎంత గుండె ఉండాలో ఆలోచించండి. వండాను అంటే, కొడుకు శవాన్ని ఒడ్డున వదిలి ఆఫీసర్లకు పులుసు కాచిన తల్లి అని పేటంతా విన్నట్టే. వండలేదు అంటే అఫిడవిట్ అబద్ధం. ఏ వైపు అడుగు వేసినా గొయ్యే.

కాసమ్మ బోను కర్రను రెండు చేతులతో పట్టుకుంది. నిజం తప్ప ఆమెకు వేరే దారి తోచలేదు.

"నాను ఎల్లనేదమ్మా. మైలింటి మనిషి ఇంకోళ్ల పొయ్యి ఎలగ ముట్టిస్తాది? నాను బతికే ఉన్నానో సచ్చే ఉన్నానో నాకే తెల్దు ఆ దినాల్లో. నా బదులు మనిషి ఎల్లింది. పొయ్యి మాత్రం ఆరనేదు."

"బదులు మనిషంటే?"

"నీకు తె..." అని ఆగి, కాసమ్మ నాలుక కరుచుకుంది. జడ్జిగారి వైపు తిరిగింది. "మా పడవల్లో అంతే బాబూ. ఒకడు మంచాన పడితే ఆడి తమ్ముడో బావమరిదో ఎక్కుతాడు. పడవ ఆగదు. ఆడి వాటా ఆడింటికొచ్చీస్తాది. వాటా ఇంటిది బాబూ, మనిషిది కాదు. బంగళా పనీ అలగే అనుకున్నాం. పని ఆగకూడదు, అంతే కదా."

అనుకున్నారు మరి. సముద్రంమీద తాతల కాలంనుంచీ నడిచిన ధర్మం సర్కారు ఆఫీసులో కూడా నడుస్తుందనుకున్నారు. సర్కారుకు మనిషి కావాలి, ఆ మనిషి వేలిముద్రే కావాలి అని పేటలో ఎవరికీ తట్టలేదు. ఆ రోజుల్లో అక్కడున్న ఆఫీసర్లకూ పులుసు వస్తే చాలు, ఎవరు వండారో ఎవడు చూశాడు!

"ఆ బదులు మనిషి నీ పేరుమీద ఏలిముద్ర ఏసిందా?"

"ఏసింది."

"ఎన్నాళ్లు?"

"నాను లేసి కూసున్నీవరకూ."

"ఒకరి పేరుమీద ఇంకొకరు ఏలిముద్ర ఏస్తే సర్కారు దాన్నేటంటాదో తెలుసా? దగా అంటాది. దొంగతనమంటాది."

"దొంగతనమేటమ్మా?" కాసమ్మకు నిజంగానే అర్థం కాలేదు. "అది ఒళ్లొంచి పని సేసింది కదా! ఒక్క మెతుకు ఆసించనేదు. కూలంతా తెచ్చి నా సేతిలో ఎట్టింది."

"ఎవులా మనిషి?"

కాసమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎవులో సెప్పు కాసమ్మా. జడ్జిబాబు ఇంటన్నారు."

కాసమ్మ ఉషారాణినే చూస్తూ ఉండిపోయింది. తప్పించెయ్యమ్మా అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. తన కోసం కాదు. ఎవరో చెబితే ఏమవుతుందో ఈ చదువురాని మనిషికి బాగా తెలుసు. ఉషారాణికి ఇంకా బాగా తెలుసు. ఆ బదులు మనిషి కూర్మమ్మ. ఉషారాణి కన్నతల్లి. తల్లి లోపల వండుతుంటే ఉషారాణి బంగళా వరండాలో లైటు కింద కూర్చుని చదువుకుంది. సాహెబ్బులు తినగా మిగిలిన పులుసు కాసమ్మ పెడితే తిని పెరిగింది. కాసమ్మ నోరు తెరవదని, తన తల్లి పేరు చచ్చినా బయటపెట్టదని గట్టిగా తెలిసే ఈ ప్రశ్న వేసింది. ఎదుటిమనిషి మంచితనాన్ని లెక్కలోకి వేసుకుని దెబ్బ కొట్టడం ఇదే. ఇంతకంటే నీచం నేను రాయలేను.

ఉషారాణి వెనక్కి తిరిగింది. మళ్ళీ ఒడియాలోకి వచ్చేసింది.

"సాక్షి జవాబు చెప్పడం లేదు. నమోదు చెయ్యమని ప్రార్థన హుజూర్. తప్పుడు ప్రమాణం చేసింది, వేరే మనిషి చేత తన పేరుమీద వేలిముద్రలు వేయించింది. ఈమెకు ఉద్యోగం ఇవ్వడం సంగతి అలా ఉంచండి. క్రిమినల్ కేసు పెట్టాల్సిన మనిషి."

కాసమ్మ బోనులోనే మెల్లిగా కింద కూర్చుండిపోయింది. ఎవరో నీళ్ళ గ్లాసు అందించారు. తాగలేదు. పూర్ణచంద్ర వెనక్కి వాలి, జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అతని మొహంలో ఇక దిగులు లేదు.

అప్పుడు జగదీష్ లేచాడు.

 తన క్లయింటు ఇంత పెద్ద సంగతి తన దగ్గర దాచినందుకు అతనికి కోపంగానే ఉంది. కానీ ఏదో ఒకటి బుర్రలో తిరుగుతోంది. అది కుదురుకునేదాకా కోటు గుండీ పెట్టుకుంటూ నిలబడ్డాడు.

"హుజూర్, కాసమ్మను నేను అడిగేదేమీ లేదు. నాకొక సందేహం ఉంది. అది మాడంగారి మీద."

"చెప్పండి."

"హాజరు పట్టీలు తుఫానులో పోయాయని ప్రభుత్వం ప్రమాణం చేసి చెప్పింది. అప్పటి ఆఫీసరు ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. వాచ్‌మన్ కూడా ఈ సంగతి చెప్పలేదు. నా క్లయింటు నాకే చెప్పలేదు. మరి ధనరాజు పోయిన రోజు పొయ్యి ముట్టించింది వేరే మనిషి అని మాడంగారికి ఎలా తెలిసింది? పట్టీల్లో వేలిముద్రలు చూసి పట్టుకున్నారంటే పట్టీలు ఉన్నట్టే. అవి ఉంటే నా క్లయింటు ఇన్నేళ్ళ పనీ రుజువైనట్టే. లేదు, పట్టీలు చూడకుండానే తెలుసంటే, మాడంగారు అక్కడే ఉన్నట్టు. అక్కడున్న మనిషి సాక్షి అవుతుంది గానీ ప్లీడరు ఎలా అవుతుంది హుజూర్?"

కోర్టులో గుసగుసలు లేచాయి. జడ్జిగారు కళ్ళజోడు తీసి ఉషారాణి వైపు తిరిగారు.

"బాగానే అడిగారు. చెప్పండి మాడం, మీకెలా తెలుసు?"

 కాసమ్మకు తీసిన గొయ్యి పక్కనే తనకూ ఒకటి తవ్వుకున్నానని అప్పటికి గాని ఉషారాణికి తెలియలేదు. గెలిచేశానన్న తొందరలో ఇంత చిన్న విషయం ఎలా మరిచిపోయిందో!

"ఊహించాను హుజూర్. జాలరివాళ్ళలో ఇలాంటి ఆచారం ఉంటుందని ఎక్కడో విన్నాను."

"ఎక్కడో విన్నారా?" జడ్జిగారి గొంతు మారింది. "ఇందాక మీరు మాట్లాడిన తెలుగు బరంపురం తెలుగు కాదు మాడం. నేను అక్కడే పుట్టాను. అది పేట మాట. మీదేవూరు?"

"బరంపురమే హుజూర్."

"పుట్టింది?"

"అక్కడే. ఆ యాస కోర్టుకు వచ్చేవాళ్ళ దగ్గర విని నేర్చుకున్నాను."

"ఆ పేటలో మీకెవరైనా తెలిసినవాళ్ళు? చుట్టాలు?"

పూర్ణచంద్ర చూపు వీపుకు గుచ్చుకుంటోంది. ఎవరితోనూ సంబంధం లేదని పెట్టిన సంతకం గుర్తొచ్చింది.

"ఎవరూ లేరు హుజూర్," అంది ఉషారాణి. అక్కడితో ఆగినా బాగుండేది. నమ్మరేమోనని భయమేసి ఇంకో ముక్క అంటించింది. "అలాంటి చోట నాకెవరుంటారు?"

వెనక బెంచీల మీద పేట ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఈమెకు పేలు తీసినవాళ్ళున్నారు, జడలు వేసినవాళ్ళున్నారు, ప్లీడరైందని తెలిసి ఇంటికొక కొబ్బరికాయ కొట్టినవాళ్ళున్నారు. బోనులో కూర్చున్న కాసమ్మ మాత్రం తల వంచుకుని కొంగుతో కళ్ళు అద్దుకుంది.

జడ్జిగారు ఏదో రాసుకోబోతుంటే గోడవారనుంచి ఒక గొంతు వచ్చింది.

"బాబూ, నాను ఒక మాట సెప్పొచ్చా?"

ముఖంమీద కొంగు తీసేసి నిలబడింది ఆమె. కూర్మమ్మ. ఆ పొద్దున బరంపురంలో కూతురికి కేరేజీ కట్టి ఇచ్చి, గుడికెల్లొస్తానని చెప్పి, ఆమెకంటే ముందు బస్సెక్కి ఛత్రపూర్ వచ్చేసింది. అటక మీద కొత్త మూట ఏమిటని ఆమె ఒక్కరోజు అడగలేదు. అడగలేదు కనుక చూడలేదని కూతురు అనుకుంది.

గుమాస్తా "కూర్చో, కూర్చో" అని కసిరాడు. జడ్జిగారు వద్దని చెయ్యి ఊపారు. "ఏ విషయం గురించి?"

"ఆ బదులు మనిషిని నానే బాబూ."

కాసమ్మ బోనులోంచి లేవబోయి పడబోయింది. "వద్దే కూర్మీ! నోరుముయ్యి! నీ కాలట్టుకుంటానే!"

"నువ్వూరుకో. నీ నోరు కట్టీసుకొని నువ్వు సేసింది సాలు."

జడ్జిగారు పిలిచారు. కాసమ్మను కిందికి దింపి, ఆమె నిలబడ్డ చోటే కూర్మమ్మను నిలబెట్టారు. గుమాస్తా ప్రమాణం చదివించాడు. పేరు, ఊరు రాసుకున్నాడు. ఉషారాణి కుర్చీ వెనక నిలబడి, కుర్చీ వీపును పట్టుకుని ఉంది. తల్లి ఆమెవైపు చూడలేదు.

"ఈ కోర్టులో ఉన్నవాళ్ళలో నీకెవరైనా చుట్టాలున్నారా?" అని అడిగారు జడ్జిగారు. కొత్త సాక్షి ఎవరు వచ్చినా అడిగే ప్రశ్నే.

కూర్మమ్మ కోర్టంతా నిదానంగా చూసింది. బెంచీలు చూసింది, గుమ్మం దగ్గర నిలబడ్డ జనాన్ని చూసింది.

"ఆ కాసమ్మ నాకు అక్కలాటిది బాబూ. అదే."

"ఇంకెవరూ లేరా?"

అప్పుడు చూసింది కూతురివైపు. నల్లకోటు, మెడ దగ్గర తెల్లపట్టీ, ఆ పొద్దున తను దువ్వి ముడివేసిన జుట్టు.

"నేరు," అంది. "అలాటి చోట నాకెవులుంటారు బాబూ?"

తన మాటే తిరిగొచ్చి మొహాన కొట్టింది. ఉషారాణి కళ్ళు తిప్పుకుంది.

కూర్మమ్మ కుడిచేతి బొటనవేలు ఎత్తి చూపించింది. "కాసమ్మ కొడుకు పోయినాక బంగళాలో పొయ్యి ముట్టించింది ఈ సెయ్యి. పట్టీ మీద ముద్రేసింది ఈ ఏలు. తప్పని మాకు తెల్దు. తప్పే అయితే శిచ్చ నాకెయ్యండి, దాని కూడు తియ్యకండి. ఆ కొన్నాళ్లు తప్ప మిగతా ముద్రలన్నీ దానివే. పట్టీలు ముందరెట్టి ఏలికి ఏలు ఆనించి సూసుకోండి."

"పట్టీలు తుఫానులో పోయాయని ప్రభుత్వం చెబుతోందమ్మా."

"పోనేదు బాబూ."

పూర్ణచంద్ర కుర్చీ కిర్రుమంది. జడ్జిగారు బల్లమీదికి వంగారు. "ఏమన్నావు?"

"పోనేదంటన్నాను. నా కళ్లతో సూసినాను. సదూకోడం రాదుగానీ నా ఏలిముద్ర నాకు తెల్దేటి? ఈ ఏలికి కత్తిపీట గాటుంది, ముద్రలో గీత పడతాది. ఎక్కడున్నాయో తెలుసు."

"హుజూర్!" పూర్ణచంద్ర లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నారు. కూర్చుంటూ ఉషారాణి కోటు అంచు లాగి, చెవిలో బుసకొట్టినట్టు అన్నాడు. "ఏం చూస్తున్నారు మాడం? ముసల్దాన్ని పిచ్చిదని తేల్చెయ్యండి. లేకపోతే మీరూ పోతారు, నేనూ పోతాను."

"మాడం," అన్నారు జడ్జిగారు. "సాక్షిని ప్రశ్నిస్తారా?"

ఉషారాణి బోను దగ్గరికి వెళ్ళింది. కొంచెంసేపటి కిందట కాసమ్మ కోసం ఎక్కడ చెయ్యి ఆనించిందో అక్కడే ఆనించింది. తల్లి చీరనుంచి పొద్దున పోపు పెట్టిన కరివేపాకు వాసన ఇంకా వస్తోంది. కూర్మమ్మ కళ్ళలో కోపం లేదు. కూతురు ఏం మాట్లాడుతుందోనని ఆశగా చూస్తోంది. ఒక్క మాట చాలు. అమ్మా అంటే చాలు, పట్టీలు నా దగ్గరే ఉన్నాయి హుజూర్ అంటే చాలు, ఉద్యోగం పోయినా మనిషి మిగిలేది. నేనూ ఈ నవల ఇక్కడితో ముగించి ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఉషారాణి జడ్జిగారి వైపు తిరిగింది.

"ఈమెను నేనెప్పుడూ చూడలేదు హుజూర్. మాటతీరు చూస్తే మతిస్థిమితం ఉన్న మనిషిలా లేదు. డాక్టరుకు చూపించాకే సాక్ష్యం తీసుకోవాలని ప్రభుత్వం తరఫున కోరుతున్నాను."

కూర్మమ్మ రెప్ప వెయ్యలేదు.  బెంచీల మీద ఎవరో బావురుమన్నారు. అది కాసమ్మ. తన పొట్ట కొట్టినప్పుడు రాని ఏడుపు ఆమెకు ఇప్పుడు వచ్చింది.

"డాక్టరు సంగతి తర్వాత," అన్నారు జడ్జిగారు కటువుగా. "పిచ్చిదో కాదో తెలియడానికి దగ్గరి దారి ఉంది. అమ్మా, ఆ పట్టీలు చూసిన ఇల్లు ఎక్కడుందో చెప్పు. ఇప్పుడే కోర్టు అమీనును పంపించి తలుపు తెరిపిస్తాను. ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు."

గుమాస్తా కాగితం లాక్కుని కలం పట్టుకున్నాడు.

కూర్మమ్మ కూతుర్ని చూసింది. కూతురు గోడమీద గడియారాన్ని చూస్తోంది. తల్లి ఆమె మెడ దగ్గర ఒరిగిపోయిన తెల్లపట్టీని సర్దబోయి, చెయ్యి సగంలోనే వెనక్కి తీసుకుంది. గుమాస్తా వైపు తిరిగింది.

"రాసుకో బాబూ," అంది.